చెక్క గోడల మందిరం కోసం రోటోరువా దాకా

"చెక్కతో కడితే ఆ మందిరంలో నేను అడుగు పెట్టను" అన్నాను.

"పెట్టకపోతే ఇంట్లో కూర్చో అమ్మమ్మా. డిజైన్ మాత్రం మారదు" అంది రూతు.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నలభై ఏళ్లు కలప అడితిలో కూర్చున్నదాన్ని. చెక్క సంగతి నాకు నువ్వు చెప్పాలా?"

"నీ అడితిలో ఈ చెక్క లేదుగా. చూడనిదాన్ని బాగాలేదని ఎలా అంటావు?"

"చూడాల్సిన పనేముందే? పైన్ అంటే తెల్లచెక్క. చేవ ఉండదు. అలాంటిది మేము స్లాబు సెంట్రింగుకి ఇచ్చేవాళ్లం. దేవుడి మందిరానికి కాదు."

మా అల్లుడు ప్రసాదు కప్పు పట్టుకుని మధ్యలోకి వచ్చి, "పూర్వం దేవాలయానికి దేవదారు పలకలు వాడారు కదండీ అత్తయ్యగారూ" అన్నాడు.

"అది దేవదారు. ఇది పైన్. మీరు టీ తాగండి" అన్నాను. ఆయన టీ తాగాడు.

గొడవ ఎందుకో చెప్పాలి. మేము ఈ పరాయి దేశంలో, పామర్‌స్టన్ నార్త్‌లో ఉంటాం. మా అమ్మాయి విమల ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. మా ఆయన పోయాక రాజమండ్రిలో అడితి మూసేసి పదకొండేళ్ల కిందట నేను వీళ్ల దగ్గరకు వచ్చాను. మా తెలుగు క్రైస్తవ సంఘం ఇన్నాళ్లూ అద్దెకు తీసుకున్న పాత గోదాములోనే ఆరాధన జరుపుకుంటోంది. ఇప్పుడు సొంత స్థలం దొరికింది. దానిమీద సిమెంటు దిమ్మెలతో కట్టాలా, చెక్క పలకలతో కట్టాలా అన్నది ఆదివారం ఆరాధన తరువాత చేతులెత్తి తేల్చుకోవాలి. చెక్క పలకల ప్లాను గీసింది నా మనవరాలు రూతు. చదువు అయ్యి ఒక కంపెనీలో చేరి ఏడాది దాటింది. తన చేత్తో మొదటి నుంచి చివరిదాకా గీసిన మొదటి కట్టడం ఇదే. వద్దంటే ఆ పని సిమెంటు వాళ్లకు పోతుంది.

సంఘంలో ఆడవాళ్లు నేను ఏ పక్కన ఉంటే ఆ పక్కనే ఉంటారు. నేను అప్పటికే వద్దని చెప్పేశాను. నా వియ్యపురాలి వరుస సారమ్మ అయితే, "వదినగారు వద్దన్నాక ఇంకేముంది" అని అందరికీ ఫోన్లు కూడా చేసింది.

రూతు గిన్నె తుడవడం ఆపి నా వైపు తిరిగింది. "సరే. నాతో రోటోరువా వచ్చి ఈ పలకలు చేసే ఫ్యాక్టరీ, వాటితో కట్టిన బిల్డింగ్ చూడు. చూశాక కూడా వద్దంటే, ఆదివారం నేనే లేచి నిలబడి చెక్క వద్దని చెప్తాను. ప్రామిస్."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతా."

నేను చేతులు కడుక్కుని, ప్రయాణానికి పులిహోర కోసం చింతపండు తీసి పెట్టాను.

గురువారం ఉదయం తొమ్మిదీ పదికి రోటోరువా బస్సు. టికెట్లు రూతు ఫోనులో కొంది. వెళ్లాలనుకునేవారు ముందుగా కొనుక్కోండి, రోజులు దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. మేము రెండు రోజుల ముందు కొని ఆ లాభం పోగొట్టుకున్నాం. తిండి మాత్రం కొనలేదు. పులిహోర, నాలుగు ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు, ఫ్లాస్కు నిండా టీ. ఇక్కడ ఆగస్టు అంటే చలికాలం కాబట్టి స్వెట్టరు మీద శాలువా కప్పుకున్నాను.

డ్రైవరు యాభై ఏళ్ల ఆవిడ, మగవాడి భుజాలు. నా సంచీ ఎత్తి డిక్కీలో పెడుతూ ఏదో అంది. "ఇటుకలు తెస్తున్నారా అంటోంది అమ్మమ్మా" అంది రూతు. "ఊరగాయ అని చెప్పు. కింద పెడితే నిలువుగా పెట్టమను" అన్నాను. ఆవిడ నిలువుగానే పెట్టింది.

బుల్స్ దాటాక కొండలు మొదలయ్యాయి. ఎటు చూసినా పచ్చిక, గొర్రెలు, అప్పుడే పుట్టిన పిల్లలు. దారి పొడుగునా రూతు ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని ప్లాను చూపించబోయింది. "కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి" అని కిటికీ వైపు తిరిగాను. మళ్లీ చూపించలేదు.

పదకొండుకు ఐదు నిమిషాల ముందు టైహాపే వచ్చింది. "ఇరవై నిమిషాలు. ఇరవై ఒకటో నిమిషంలో నేను ఉండను" అని డ్రైవరు చెప్పింది. అందరూ కాఫీ కొట్టుకు పరుగెత్తారు. అక్కడ టీ ధర చూసి నేను బయటి బల్ల మీద కూర్చుని ఫ్లాస్కు మూత తీశాను. మా బస్సులోనే వచ్చిన ఒక ముసలాయన పక్కన కూర్చున్నాడు. బురద బూట్లు, ఉన్ని టోపీ. టౌపోలో కూతురి ఇంటికి వెళుతున్నాడట. కప్పు మూతలో కాస్త టీ పోసి ఇచ్చాను. యాలకుల వాసనకు ముక్కు ఎగరేశాడు, కానీ తాగాడు.

చెక్క చూడటానికి వెళుతున్నామని రూతు చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. ఆయన పొలం వెనక కొండ మీద పైన్ మొక్కలు నాటి, ఈ మధ్యే నరికించాడట.

"ఎన్నేళ్లు పెరిగాయో అడుగు" అన్నాను.

రూతు అడిగింది. "మనవడు పుట్టిన సంవత్సరం నాటాడట. వాడికి ఇరవై ఎనిమిది. చెట్లు వాడికన్నా త్వరగా పనికొచ్చాయి అంటున్నాడు."

నేను నవ్వలేదు గానీ, లెక్క మనసులో పడింది. మా అడితికి వచ్చే టేకు దుంగ వయసు మా ఆయన తాత వయసు. ఇరవై ఎనిమిదేళ్లకే కోతకు వచ్చిన చెట్టులో చేవ ఎక్కడ ఉంటుంది? రూతుతో ఆ మాటే అన్నాను. ఆమె ఆయనకు చెప్పింది. ఆయన "నిజమే, మెత్తనిదే. అందుకే ఒంటరిగా వదలరు" అన్నాడట. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

వైయూరు దాటాక కొండలు పోయి, ఎర్రగడ్డి మైదానం. ఇల్లు లేదు, చెట్టు లేదు. ఎడమ పక్కన మంచు కప్పిన పర్వతం ఒంటరిగా నిలబడి ఉంది. ఒంటిగంటకు టౌపో సరస్సు పక్కకు చేరాం. అక్కడ అరగంట ఆపారు. నీళ్ల ఒడ్డున బల్ల మీద పులిహోర తిన్నాం. బాతులు చుట్టూ చేరాయి. రూతు వాటికి వేయబోతే, "అది మనుషులకు" అన్నాను.

టౌపో నుంచి రోటోరువా దాకా రోడ్డుకు రెండు వైపులా పైన్ తోటలు. తాడు పట్టి నాటినట్టు వరుసలు. ఎదురుగా దుంగలు మోసుకొచ్చే లారీలు ఒకదాని వెనక ఒకటి. ఆ దుంగలు ఎంత నిటారుగా ఉన్నాయంటే, మా అడితిలో అలాంటివి వస్తే మా ఆయన లోడు విప్పకముందే బేరం ముగించేవాడు. ఆ మాట రూతుతో అనలేదు.

మూడింటికి రోటోరువాలో దిగగానే కుళ్లిన గుడ్ల వాసన. ఉడికించిన గుడ్లు చెడిపోయాయేమోనని సంచీ విప్పి చూశాను. రూతు పగలబడి నవ్వింది. ఆ ఊళ్లో భూమిలోంచి వేడి ఆవిర్లు వస్తాయట, ఆ వాసన ఎప్పుడూ అంతేనట. గుడ్లు బాగానే ఉన్నాయి.

మోటెల్ గదికి డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు. విమలతో ఒకప్పుడు పనిచేసిన లక్ష్మి ఆ ఊళ్లోనే ఉంది, వృద్ధుల సంరక్షణాలయంలో పనిచేస్తుంది. కరీంనగర్ వాళ్లు. భర్త శ్రీనివాస్ డెయిరీ నడుపుతాడు. ఇక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, వీధి మొగలో కిరాణా కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. ఊరగాయ సీసా చేతికి ఇవ్వగానే లక్ష్మి మూత తీసి వాసన చూసింది.

శ్రీనివాస్ అన్నం తింటూ, "పెద్దమ్మా, గింత దూరం కట్టె సూడనీకే వచ్చిండ్రా?" అన్నాడు.

"మందిరం కట్టడానికి బాబూ."

"గుడి పని అయితే పోవాలె. రేపు నేనే కార్ల దింపుతా. కానీ పెద్దమ్మా, కట్టె గోడకు అగ్గి అంటుకుంటే?"

"అదే నేనూ అడుగుతున్నాను" అని రూతు వైపు చూశాను. రూతు అన్నం కెలుకుతూ కూర్చుంది.

శుక్రవారం పది గంటలకు కార్ఖానా గేటు దగ్గర ఉన్నాం. లోపలికి వెళ్లాలంటే చీర మీద ఆరంజి కోటు, తల మీద గట్టి టోపీ, కాళ్లకు ఇనుప ముక్కు బూట్లు వేసుకోవాలి. నా పాదానికి సరిపోయేవి లేకపోతే మూడు జతల మేజోళ్లు ఇచ్చారు. మాకు చూపించడానికి వచ్చినతని పేరు హేమి. మావోరీ మనిషి, ఏనుగంత ఆకారం, గొంతు మాత్రం మెత్తన. ఇరవై ఏళ్లకు పైగా కలపలోనే ఉన్నాడట.

లోపల అడుగు పెట్టగానే రంపపు పొట్టు వాసన. పదకొండేళ్ల తరువాత. టేకు వాసన కాదు, నిమ్మ తొక్కలాంటి వాసన, అయినా నా కాళ్లు రెండు క్షణాలు కదల్లేదు. "అమ్మమ్మా, ఆర్ యూ ఓకే?" అంది రూతు. "బూట్లు బరువు" అన్నాను.

హేమి వరుసగా చూపించాడు. ముందు పలచటి బద్దలను పొయ్యిలాంటి గదిలో ఆరబెడతారు. తరువాత చిత్రిక పడతారు. ముడులు ఉన్న చోట కోసి పారేసి, రెండు ముక్కల చివర్లను దువ్వెన పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చి జిగురుతో అతుకుతారు. అలా పొడుగైన బద్దలను పక్కపక్కన పరిచి, మీద జిగురు పోసి, రెండో వరుసను అడ్డంగా పరుస్తారు. మూడోది మళ్లీ నిలువుగా. ఇలా మూడు పొరలు, ఐదు పొరలు. ఆ మొత్తం పెద్ద యంత్రం కింద పెట్టి నొక్కుతారు. బయటికి వచ్చేసరికి మా వంటిల్లంత పలక. దానిలోనే కిటికీకి, తలుపుకి కంతలు యంత్రమే కోసేస్తుంది. అక్కడినుంచి లారీ ఎక్కి, కట్టే చోటికి వెళ్లి, క్రేనుతో లేచి, మరలతో బిగుస్తుంది.

నేను నా పద్ధతిలో చూశాను. గోటితో గీరాను, గీత పడింది. మెటికలతో మూడు చోట్ల తట్టాను. కోసిన వైపు వేలు తడిచేసి రాసి చూశాను. ఒంగి కన్ను మూసి అంచు వెంట వంకర ఉందేమో చూశాను. హేమి చేతులు కట్టుకుని నా వెనకే నడుస్తూ రూతుతో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"తన బాస్ కూడా ఇంత చెక్ చేయడట."

"చేయాలి" అన్నాను.

వంకర లేదు. అదే నాకు కొరుకుడు పడలేదు. తెల్లచెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, మెలి తిరుగుతుంది. అడితిలో బద్దల మధ్య అడ్డపుల్లలు పెట్టి, మీద బరువులు పెట్టినా కొన్ని తిరిగేవి. ఇంత పెద్ద పలక ఎలా ఊరుకుంటుంది?

రూతు బల్ల మీద రెండు బద్దలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టింది. "చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగు పెరగదు. అవునా అమ్మమ్మా?"

"అవును. అది నాకు నువ్వు పుట్టకముందే తెలుసు."

"ఈ కింది బద్ద ఇటు ఉబ్బాలనుకుంటుంది. కానీ పైదాని పొడుగు ఇటే ఉంది. అది పెరగదు కదా. అందుకని దీన్ని పట్టుకుని ఉంచుతుంది. దాన్ని ఇది పట్టుకుంటుంది."

నవారు మంచం గుర్తొచ్చింది. ఒక్క పట్టీని లాగితే చేతికి వచ్చేస్తుంది. అడ్డంగా, నిలువుగా అల్లాక దాని మీద నలుగురు కూర్చుంటారు. టైహాపే ముసలాయన చెప్పింది ఇదే. ఈ చెక్కకు చేవ లేదు. దానికి బదులు పక్కవాడున్నాడు. నేను బద్దలు రెండూ చేతిలోకి తీసుకుని, అడ్డంగా పెట్టి, మళ్లీ విడదీసి, మళ్లీ పెట్టాను.

"నిప్పు సంగతి?" అన్నాను.

హేమి ఒక మూలకు తీసుకెళ్లి, కాల్చి చూసిన పలక ముక్క చూపించాడు. పైన వేలి మందం బొగ్గు. కొడవలితో గీకినట్టు ఒక చోట గీకి ఉంది, లోపల చెక్క కొత్తదానిలా తెల్లగా ఉంది. పైన బొగ్గు కట్టాక మంట లోపలికి నిదానంగా పోతుందట. మొద్దును పొయ్యిలో పెడితే తెల్లారేదాకా మిగిలి ఉండటం ఎవరు చూడలేదు? భూకంపం సంగతి కూడా చెప్పాడు. బరువు తక్కువ కాబట్టి గోడలు తేలిగ్గా ఊగి నిలబడతాయట. పురుగు పట్టకుండా మందు కూడా ఎక్కిస్తారట.

"మరి దీనికి పడనిది ఏదీ లేదా? పడనిది లేని వస్తువు ఉండదు" అన్నాను.

రూతు ఆ మాట చెప్పగానే హేమి నవ్వు ఆపి, అవునన్నట్టు తల ఊపాడు. నా ప్రశ్న నచ్చినట్టుంది. గోడ పక్కన ఒక బకెట్టు ఉంది, దానిలో అడుగున రెండంగుళాల నీళ్లు, నిలబెట్టిన పలక ముక్క. బయటకు తీసి నా చేతిలో పెట్టాడు. నీళ్లలో ఉన్న చివర నల్లబడి, ఉబ్బి, పొరల మధ్య నెర్రె కనబడుతోంది. తడి జానెడు ఎత్తు దాకా ఎక్కింది.

"వాటర్" అన్నాడు. ఆ మాటకు తర్జుమా అక్కర్లేదు.

నాకు తెలిసిందే అది. దుంగ చివరలే నీళ్లు తాగుతాయి. అందుకే అడితిలో చివర్లకు తారు పూసేవాళ్లం.

"రూతూ, మన గోడలు అడుగున దేని మీద ఆనుతాయి?"

"స్లాబ్ మీదే. కింద చిన్న షీట్ వేస్తాం. పైకప్పు ఉంది కదా, వాన లోపలికి రాదు. ఇండోర్స్‌లో వాటర్ ఎందుకొస్తుంది?"

"శనివారం?"

"శనివారం ఏంటి?"

అప్పుడు నాకు తెలిసింది. శనివారం పొద్దున్నే రూతు నెట్‌బాల్ ఆడటానికి పోతుంది. చిన్నప్పటినుంచీ అంతే. ఒక్కసారి కూడా మందిరం కడగడానికి రాలేదు. నేను, సారమ్మ, మరో పదిమంది ఆడవాళ్లం ప్రతి శనివారం ఎనిమిది బకెట్ల నీళ్లు గుమ్మరించి, కొబ్బరి చీపుళ్లతో గోడలదాకా కొట్టి, తలుపులోంచి బయటకు తోస్తాం. గోదాము సిమెంటుది, దానికి ఏమీ కాదు. ఈ పిల్ల గీసింది తడిగుడ్డతో తుడిచే వాళ్ల మందిరం.

చెప్పాను. రూతు హెల్మెటు తీసి చేతిలో పట్టుకుంది.

"ఎవ్రీ వీక్? ఎనిమిది బకెట్లా?"

"పండుగలకు పన్నెండు."

హేమికి విషయం చెప్తే ఆయన బకెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

రూతు మెల్లగా అడిగింది. "అయితే ఆదివారం నేను లేచి వద్దని చెప్పాలా అమ్మమ్మా?"

నాకు కావలసింది చేతికి వచ్చింది. చెక్కకు నీళ్లు పడవు, మనం నీళ్లతోనే కడుగుతాం. ఈ రెండు ముక్కలు చెప్తే సారమ్మ మూడో ముక్క చెప్పనివ్వదు. "ఇంకో కట్టడం చూపిస్తానన్నావుగా. పద" అన్నాను.

మధ్యాహ్నం రెండింటికి శ్రీనివాస్ మమ్మల్ని ఊళ్లో ఒక ఆరోగ్య కేంద్రం దగ్గర దింపాడు. అది ఈ పలకలతోనే కట్టింది. ఎవరైనా లోపలికి వెళ్లి కూర్చోవచ్చు, డబ్బు అడగరు. బయట వేళ్లు కొంకర్లు పోయే చలి, లోపల శాలువా తీసేశాను. గోడలకు రంగు వేయలేదు, తేనె రంగు చెక్క అలాగే వదిలారు. పదిమందికి పైగా కూర్చుని ఉన్నారు, ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, అయినా చెవులు గింగురుమనలేదు. మా గోదాములో ఒక బిడ్డ ఏడిస్తే పాస్టరుగారు వాక్యం ఆపాలి. నా పక్కన కూర్చున్న ఒక ముసలావిడ గోడను అరచేత్తో నిమిరి నా వైపు చూసి తల ఊపింది. నేనూ ఊపాను. అరగంట కూర్చున్నాం.

శనివారం తొమ్మిదిన్నరకు తిరుగు బస్సు. లక్ష్మి చపాతీలు, బంగాళాదుంప కూర కట్టి ఇచ్చింది. అదే డ్రైవరమ్మ. "ఇటుకలు అమ్ముడుపోయాయా?" అంది. సంచీ తేలికైంది కదా.

టౌపో దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు అడిగాను. "కాగితం ఉందా?"

"ఎందుకు?"

"మండువా ఇల్లు నువ్వు చూడలేదు. అందులో చెక్క స్తంభాలు ఉంటాయి. వాన నీళ్లు వాటి మధ్యలోనే పడతాయి. ఒక్క స్తంభం కూడా నేల మీద నిలబెట్టరు. కింద రాతి దిమ్మె వేసి, దాని మీద నిలబెడతారు. నీళ్లు దిమ్మెను తడిపి పోతాయి."

రూతు నా వైపు తిరిగింది. కంప్యూటరు తీయలేదు, నిజంగానే కాగితం తీసింది.

"గోడ కింద చుట్టూరా జానెడు ఎత్తు సిమెంటు గట్టు వెయ్యి. చెక్క దాని మీద కూర్చోవాలి. నేల వాలు తలుపు వైపు పెట్టు. తలుపు దగ్గర కాలువ. ద్వారబంధం చెక్క కూడా ఆ ఎత్తునుంచే మొదలవ్వాలి, లేకపోతే తడి చీపురు తగులుతుంది."

గీసింది. చెరిపింది. మళ్లీ గీసింది. "అమ్మమ్మా, ఇది వర్కవుట్ అవుతుంది. ప్యానెల్స్ కాస్త పొట్టి అవుతాయి, అంతే. కానీ ఎనిమిది బకెట్లు మాత్రం ప్లీజ్, వద్దు. గోడల మీదకి కొట్టొద్దు. మాప్ చేయొచ్చుగా?"

"గుడ్డతో తుడిస్తే కడిగినట్టా?"

"మరి ఎన్ని?"

"ఆరు."

"రెండు."

"మూడు. చెంబుతో చల్లుతాం, గుమ్మరించం. గోడ మీద చుక్క పడదు. అక్కడ నేను నిలబడతాను."

"డీల్" అని చెయ్యి చాపింది. నేను ఆ చేతిలో చపాతీ పెట్టాను.

మైదానం మీద మంచు పడి రోడ్డు అంచులు తెల్లగా ఉన్నాయి. బస్సు నెమ్మదిగా పోయింది. వెళ్లేవాళ్లకు చెప్పేదేమంటే, దారి పొడుగునా చూడటానికి చాలా ఉంది, తిండి కట్టుకుని వెళ్లండి, కార్ఖానాకు ముందుగా ఫోను చేయండి, మందపాటి మేజోళ్లు తీసుకెళ్లండి. నలభై ఏళ్లు నేను ఒక్కో దుంగను విడిగా చూశాను, దాని బలం దానిలోనే వెతికాను. బలం లేనివాటిని పేర్చి బలం తేవచ్చని ఈ వయసులో ఒక కొండ దేశంలో, అరువు బూట్లు వేసుకుని తెలుసుకున్నాను. తెలుసుకోవడానికి సిగ్గేమీ లేదు. చెప్పడానికే కాస్త ఉంది. మూడున్నరకు పామర్‌స్టన్ నార్త్‌లో దిగాం.

మర్నాడు ఆదివారం ఉదయం ఆరాధన ముగిశాక పాస్టరుగారు సంగతి ఎత్తారు. ఎవరూ పిలవకముందే నేను లేచాను. "చెక్క వద్దని మీ అందరికీ చెప్పింది నేనే. చూడకుండా చెప్పాను. ఇప్పుడు చూసొచ్చాను. కట్టవచ్చు. కానీ శనివారం మన పద్ధతి మారాలి" అని, గట్టు సంగతి, మూడు బకెట్ల సంగతి చెప్పి కూర్చున్నాను. ఆడవాళ్ల వరుసల్లో గుసగుసలు లేచాయి.

పాస్టరుగారు రూతును పిలిచారు. రూతు ఎప్పుడూ మైకు ముందు ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. ఆ రోజు బస్సులో గీసిన కాగితం పైకెత్తి తెలుగులో చెప్పింది. నాలుగైదు చోట్ల ఆగింది, రెండు చోట్ల తప్పు మాట వాడింది. నేను సరిచేయలేదు. అడిగినవాళ్లకు నిప్పు గురించి, నీళ్ల గురించి తనే జవాబు చెప్పింది.

తరువాత చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను. ముందు వరుస ఎత్తింది, వెనక వరుసలు ఎత్తాయి. సారమ్మ ఎత్తలేదు.

"ఏమిటి వదినా?" అన్నాను.

"మీరు చూసొచ్చి ఎత్తారు వదినగారూ. నేనూ చూసొచ్చే ఎత్తుతాను" అంది.

ఆ చెయ్యి లేకుండానే తీర్మానం నెగ్గింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. సారమ్మ, నేను వంటగదిలోకి వెళ్లి అన్నం వడ్డించడం మొదలుపెట్టాం.